సిక్ రూమ్ రిజిస్టర్‌లో కనిపించని కులం

విజయవాడ చుట్టుపక్కల ఉన్న ఒక రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలకు కొన్నేళ్ల కిందట మా పల్లె అమ్మాయిని చూడటానికి వెళ్లాను. మినుము తీతల రోజులు. ఒక పూట పని మానితే తల్లిదండ్రులిద్దరి కూలీ పోతుంది, అందుకని నన్ను పంపారు. ఆదివారం కాదు గనుక గేటు దగ్గర చాలాసేపు నిలబెట్టి, చివరకు సిక్ రూమ్‌లో కూర్చోమన్నారు. రెండు మంచాలు, ఒక బీపీ యంత్రం, మేకుకు వేలాడుతున్న రిజిస్టర్. అమ్మాయి వచ్చేలోగా ఆ రిజిస్టర్ తిరగేశాను. ఇతరుల వివరాలు చూడటం తప్పే. వచ్చిన ప్రతివాడూ చూడగలిగేలా దాన్ని అక్కడ వేలాడదీయడం అంతకన్నా పెద్ద తప్పని తర్వాత అర్థమైంది. రెండు నెలల్లో ఆమె పేరు నాలుగుసార్లు ఉంది. నాలుగుసార్లూ కారణం ‘కడుపునొప్పి’. ఎదురుగా మాత్ర పేరు, సంతకం.

‘‘నాటకం కాదు బాబాయ్, నిజంగానే నొప్పి’’ అంది ఆ పిల్ల, నేను అడక్కముందే. స్కాలర్‌షిప్ కాగితాల కోసం ఆఫీసు నుంచి ఒక గుమాస్తా తరగతికి వచ్చి ‘‘ఎస్సీలు లేచి నిలబడండి’’ అన్నాడట. నిండు తరగతిలో ఆరుగురు నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఆ ఆరుగురికీ ‘స్కీమ్ బ్యాచ్’ అని పేరు పడింది. పక్క మంచం పిల్ల తన నీళ్ల సీసా తీసి మరో వైపు పెట్టుకుంది. ఆ గుమాస్తా వరండాలో కనిపించినప్పుడల్లా ఈమెకు కడుపులో మెలిపెట్టేది. సిక్ రూమ్‌కు వెళితే నర్సు ‘‘ఏం తిన్నావు?’’ అని అడిగేది. తరగతిలో ఏం జరిగిందని అడగాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. వచ్చినా రాయడానికి ఆ రిజిస్టర్‌లో గడి లేదు. నేను సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాణ్ని, ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పేవాణ్ని. అలా లేచి నిలబడటమంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు.

విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి ఇప్పుడు చాలామంది మాట్లాడుతున్నారు. అందుకు ఒక కారణం మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు. విశాఖపట్నంలో ‘నీట్’ శిక్షణ పొందుతూ 2023 జూలైలో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం 2025 జూలై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నూరుమంది లేదా అంతకన్నా ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుణ్ని లేదా సామాజిక కార్యకర్తను నియమించాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయవద్దని, నలుగురిలో అవమానించవద్దని కోరింది. జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన పర్యవేక్షణ కమిటీ ఉండాలని ఆదేశించింది.

ఈ అంశాలన్నీ పత్రికల్లో వచ్చాయి. అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ తదితర వర్గాల విద్యార్థులతో వివక్ష లేకుండా, వారి స్థితిని ఎరిగి మెలిగేలా బోధన, బోధనేతర సిబ్బందికి శిక్షణనివ్వాలని ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కులం పేరిట జరిగే వేధింపుల మీద గోప్యంగా ఫిర్యాదు చేసుకునే ఏర్పాటు ఉండాలనీ, ఫిర్యాదు చేసినవారికి వెంటనే మానసిక సహాయం అందాలనీ అంటున్నాయి. అంటే మానసిక వైద్యాన్నీ కుల వివక్షనూ ఒకే కాగితం మీద పెట్టడం జరిగింది. కృష్ణా డెల్టాలో ఈ రెండింటినీ విడదీసి మాట్లాడటం ఎందుకు కుదరదో చెప్పడానికే ఈ వ్యాసం.

డెల్టా చరిత్ర తెలియకుండా విజయవాడ హాస్టళ్లు అర్థం కావు. 1855లో ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తర్వాత ఈ నేల వరి పండించింది. వరి మిగులు భూమి ఉన్న కులాల చేతికి వెళ్లింది. ఆ మిగులే రైసు మిల్లులైంది, సినిమా హాళ్లయింది, 1980ల నుంచి రెసిడెన్షియల్ కళాశాలలైంది. గూడవల్లి, పోరంకి, కానూరు దారుల్లో కిటికీలకు ఇనుప చట్రాలు బిగించిన ఆ అంతస్తుల భవనాలను బస్సులోంచి చూడనివారు ఈ జిల్లాలో ఉండరు. కాలువ గట్టున నాట్లు వేసిన చేతులకు ఈ చరిత్రలో వచ్చింది రోజు కూలి. ఆ కూలీల బిడ్డలు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటే, ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ ఫీజు కట్టి ఇలాంటి కళాశాలల్లో చేర్పించే పథకం పెట్టింది. పథకం మంచిదే. సీటు కొనిచ్చిన ప్రభుత్వం, ఆ సీటులో కూర్చున్న పిల్లకు లోపల ఏమవుతోందో తెలుసుకునే ఏర్పాటు మాత్రం చేయలేదు.

ఆ భవనాల్లో బాధపడేది మన పిల్లలే అనడం న్యాయం కాదు. ఎకరం అమ్మి కొడుకును చేర్చిన రైతు బిడ్డ కూడా అక్కడ తెల్లవారుజాము నుంచి రాత్రి వరకు నలిగిపోతున్నాడు. నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ కార్పొరేట్ కళాశాలల పరిస్థితులను పరిశీలించి నివేదికలిచ్చాయి. అవి ఎంతవరకు అమలయ్యాయో ఆ హాస్టళ్ల టైంటేబుల్ చూస్తే తెలుస్తుంది. దేశం మొత్తం మీద 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఆ వార్షిక నివేదికలో వయసుంది, లింగముంది, పరీక్షలో తప్పడం అనే కారణముంది. విద్యార్థుల కులం ఏమిటో చెప్పే పట్టిక లేదు. నేను చూసిన సిక్ రూమ్ రిజిస్టర్‌కూ దేశపు రిజిస్టర్‌కూ పోలిక అక్కడే కనిపించింది.

అయితే అందరిదీ ఒకే బాధ అనడమూ నిజం కాదు. రైతు బిడ్డ ఓడిపోతే ‘చదవలేకపోయాడు’ అంటారు. మా బిడ్డ ఓడిపోతే ‘వీళ్లింతే’ అంటారు. గెలిస్తే ‘రిజర్వేషన్’ అంటారు. ఓటమిలోనూ గెలుపులోనూ తన పేరు తనకు మిగలని పిల్ల మనసులో ఏం జరుగుతుందో మనస్తత్వ శాస్త్ర పాఠ్యపుస్తకం వెతికి చూడాల్సిందే. దానికి తోడు ఇంటి నుంచి మోసుకొచ్చే భయం ఒకటుంది. 1985 జూలైలో కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు పక్కవాడికి తగిలినందుకు. చివరకు ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లు పుస్తకంలో చదివేవి కావు మాకు, బంధువులున్న ఊళ్లు. నాడు యవ్వనంలో ఉన్న ఆడవాళ్లే నేటి నాయనమ్మలు, అమ్మమ్మలు. పెట్టె సర్ది మనవరాలిని కాలేజీకి పంపుతూ వాళ్లు చెప్పే మాట ‘బాగా చదువుకో’ ఒక్కటే కాదు, ‘ఎవరితోనూ పెట్టుకోకు, తలొంచుకుని ఉండు’ అని కూడా. తలొంచుకుని ఉండమన్న పిల్ల కౌన్సెలర్ దగ్గరకు వెళ్లి తలెత్తి చెబుతుందా?

ఇక్కడ మా శిబిరంలోనే ఒక అభ్యంతరం ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయలేను, ఎందుకంటే చాలాకాలం నాదీ అదే మాట. కులం రాజకీయ సమస్య. దాన్ని మానసిక సమస్యగా మారిస్తే అవమానించినవాడు తప్పుకుంటాడు, అవమానపడినవాడు రోగి అవుతాడు. ‘నువ్వు సున్నితంగా ఉన్నావు, తట్టుకోవడం నేర్చుకో, ప్రాణాయామం చెయ్యి’ అని పంపేస్తారు. ఈ భయానికి ఆధారాలున్నాయి. గుంటూరు నుంచి వెళ్లిన రోహిత్ వేముల 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మరణించినప్పుడు, సస్పెన్షన్, హాస్టల్ నుంచి వెలి, ఆగిన ఫెలోషిప్ డబ్బు అందరి కళ్ల ముందు ఉండగానే, అతని వ్యక్తిగత నిరాశ గురించి ఎంత మాట్లాడారో గుర్తుంది. 2024 మేలో తెలంగాణ పోలీసులు కోర్టుకిచ్చిన ముగింపు నివేదిక అతను ఎస్సీ కాడని చెప్పడానికి పడిన ప్రయాస చూశాం. దానిపై నిరసనలు వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులపై వివక్షను థోరట్ కమిటీ 2007లోనే బయటపెట్టింది. దేశంలో పేరున్న వైద్య కళాశాలలోనే కులం ఉంటే, అక్కడ చదివి వచ్చే వైద్యుడి గదిలో ఉండదని ఎలా నమ్మగలం?

అయినా నా అభిప్రాయం మారింది. మార్చింది ఆ అమ్మాయి కడుపునొప్పే. ఆమె ఊరేగింపుకు వెళ్లలేదు, ఫిర్యాదు రాయలేదు, విద్యార్థి సంఘం ఆ గేటు దాటి లోపలికి రాదు. ఆమె వెళ్లిన చోటు ఒక్కటే, సిక్ రూమ్. నాలుగుసార్లు వెళ్లింది. నాలుగుసార్లూ తనకు తెలిసిన భాషలో చెప్పుకుంది. మనం రాజకీయ భాషలో చెప్పేదాకా ఆగి ఉంటే ఐదోసారి ఏమయ్యేదో ఊహించడానికి ఇష్టపడను. రాజకీయం చేయడానికి మనిషి ముందు బతికి ఉండాలి.

అందుకే విద్యార్థులకు మానసిక వైద్యం బడిలోని ఆరోగ్య కేంద్రం ద్వారానే అందాలని నేను వాదిస్తున్నాను. ‘మనోవైద్య విభాగం’ అని బోర్డు తగిలించిన వేరే గదిలోకి మా పిల్లలు అడుగు పెట్టరు. పల్లెలో ‘మతి బాగోలేదట’ అన్న మాట పుట్టిందంటే ఆడపిల్లకు పెళ్లి దగ్గరా మగపిల్లాడికి పని దగ్గరా అడ్డొస్తుంది. కులం ముద్ర ఒకటి ఉండగా రెండోది ఎవరు తగిలించుకుంటారు? తలనొప్పికీ, నెలసరి నొప్పికీ, వారం వారం మింగే నీలిరంగు ఐరన్ మాత్రకూ వెళ్లే గదికైతే ఎవరైనా వెళతారు. ఎందుకు వెళ్లావని ఎవరూ అడగరు. అమెరికాలో బడి ఆరోగ్య కేంద్రాలు ఈ సూత్రం మీదే పెరిగాయి. తొలి కేంద్రాల్లో ఒకటి 1970లో డల్లాస్ నగరంలో పేదల ప్రాంతమైన వెస్ట్ డల్లాస్‌లో మొదలైంది. ఒంటి జబ్బుకు వచ్చిన పిల్లలకు అదే కప్పు కింద మనసు గురించి కూడా మాట్లాడే మనిషి దొరకాలన్న ఆలోచన క్రమంగా అక్కడ నిలబడింది.

మనకు ఇలాంటి కార్యక్రమాలు కాగితం మీద లేవని కాదు. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం బడికి వచ్చి పళ్లు, కళ్లు, గుండె చూసి వెళుతుంది. 2014లో మొదలైన జాతీయ కౌమార ఆరోగ్య కార్యక్రమం ఎంచుకున్న ఆరు అంశాల్లో మానసిక ఆరోగ్యం ఒకటి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా చేయాలన్నారు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వే తేల్చింది. ఆ లెక్కన నా తరగతి గదిలోనే ముగ్గురో నలుగురో ఉండాలి. ఏడాదికోసారి వచ్చే బృందం దంతాలు లెక్కపెట్టే వేగంతో వాళ్లను గుర్తుపట్టలేదు.

ఉపాధ్యాయులకు ఈ పని అప్పజెప్పడం మీద నాకు, ఒక ఉపాధ్యాయుడిగానే, గట్టి అభ్యంతరం ఉంది. మార్కులు వేసేవాడికీ, హాజరు తీసేవాడికీ పిల్లలు గుండె విప్పరు. పైగా అవమానం జరిగింది ఉపాధ్యాయుడి నోటి నుంచే అయితే? బీహార్‌లోని నలంద జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో జరిపిన ఒక ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు నడిపారు. మరికొన్నింటిలో వైద్య పట్టాలేమీ లేకపోయినా ఇందుకోసమే తర్ఫీదు పొందిన సలహాదారులు నడిపారు. సలహాదారులున్న చోట బడి వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు లేదు. మనోవైద్యులు లక్ష జనాభాకు ఒక్కరు కూడా లేని దేశంలో ఇది చిన్న విషయం కాదు. డిగ్రీ చదివి ఊళ్లో ఖాళీగా ఉన్న మా మాలపల్లె, మాదిగపల్లె అమ్మాయిలకు తర్ఫీదునిస్తే ఈ పని చేయగలరు. ‘స్కీమ్’ అన్న మాట విన్నప్పుడు అందులో తిట్టు ఎక్కడుందో వాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

కాని ఆ నియామకం ఎవరు చేస్తారు? కళాశాల యాజమాన్యం జీతమిచ్చే కౌన్సెలర్ ఆ కళాశాల మీద వచ్చే ఫిర్యాదును ఎన్నాళ్లు దాస్తాడో ఊహించవచ్చు. ప్రైవేటు ఏజెన్సీకి కాంట్రాక్టు ఇస్తే రోస్టర్ ఉండదు, రిజర్వేషన్ ఉండదు. ఏ కులాల బాధ వినడానికి ఆ గది పెడుతున్నామో ఆ కులాలవారు అందులో కుర్చీ మీద కనిపించరు. కౌన్సెలర్ వైద్య ఆరోగ్య శాఖ ఉద్యోగిగా ఉండాలి. ప్రైవేటు సంస్థ అయితే ఆ ఖర్చును ప్రభుత్వం వసూలు చేసుకోవాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులం సహా ఏ వివక్షా లేకుండా మానసిక వైద్యం పొందే హక్కును ఇచ్చింది. 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది. మేకుకు వేలాడే రిజిస్టర్ ఈ చట్టానికి విరుద్ధమని ఏ ఆరోగ్యాధికారి ఏ కళాశాలకు నోటీసు ఇచ్చాడు?

మరొక సంగతి ఉంది, దీన్ని కౌన్సెలింగ్ శిక్షణల్లో చేర్చకపోతే అంతా వృథా. పిల్లలు చెప్పేదంతా బాధే కాదు, కొన్నిసార్లు నేరం కూడా. కులం పేరుతో నలుగురిలో ఎస్సీ, ఎస్టీలను అవమానించడం 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం శిక్షార్హం. ఆ చట్టం కారంచేడు, మరెన్నో పల్లెల నెత్తుటి తర్వాత వచ్చింది. ఆ మాట విన్న కౌన్సెలర్ ‘మరచిపో అమ్మా’ అంటే వైద్యం జరిగినట్టు కాదు. నీకిలాంటి హక్కుంది, నువ్వు కోరుకుంటే ఫిర్యాదుకు నేను తోడుంటాను, ఇప్పుడు వద్దనుకుంటే నీ మాట నా దగ్గరే ఉంటుంది అని చెప్పగలగాలి. నిర్ణయం పిల్లది. కేసు పెట్టమని ఒత్తిడి చేయడం కూడా ఒక హింసే. ఈ మాట మా ఉద్యమ మిత్రులను ఉద్దేశించే రాస్తున్నాను.

మొదలుపెట్టాల్సింది కార్పొరేట్ కళాశాలల్లో కాదు, అక్కడ కోర్టు ఆదేశం ఎలాగూ మెడ మీద ఉంది. ప్రభుత్వం తన సొంత సంక్షేమ హాస్టళ్లతో, అంబేడ్కర్ గురుకులాలతో మొదలుపెట్టాలి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అవనిగడ్డ నుంచి అక్కడికి అరవై కిలోమీటర్ల పైనే. పిల్లను వెంటబెట్టుకుని తల్లి రావాలంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు, మళ్లీ పదిహేను రోజులకు రమ్మంటే మళ్లీ అంతే. మూడోసారి రారు. ఆ విభాగం వైద్యుడు నెలకు రెండుసార్లు హాస్టల్ ఆరోగ్య గదికి రావడం తేలిక.

2022 అక్టోబరు 10న కేంద్రం ‘టెలీ మానస్’ ప్రారంభించింది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఇప్పుడు గోడల మీద కనిపిస్తోంది. ఆ గోడలున్న హాస్టళ్లలో పిల్లల దగ్గర ఫోన్ ఉంటే లాక్కుంటారు. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఎదుట నిలబడి మాట్లాడాలి. చదువు కోసం ఫోన్ వద్దనడం సరే, మరి 14416కు ఎక్కడి నుంచి చేయాలి? ప్రతి హాస్టల్ ఆరోగ్య గదిలో, తలుపు వేసుకుని మాట్లాడగలిగేలా, ఆ ఒక్క నంబరు కోసం ఒక ఫోన్ పెట్టడానికి బడ్జెట్ కేటాయింపులు అక్కర్లేదు.

ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల కలెక్టర్లు తమ కమిటీ సమావేశాలను కలెక్టరేట్‌లో కాక ఏదో ఒక హాస్టల్‌లో జరపాలి. కౌన్సెలర్ నియామక పత్రాన్ని యాజమాన్యం ఫైలులో పెట్టి చూపిస్తుంది, అది చూసి లేవకూడదు. సిక్ రూమ్ రికార్డు తెప్పించుకోవాలి, పేర్లు కప్పేసి. ఏ నెలలో, ఏ రోజుల్లో కడుపునొప్పులు ఎక్కువయ్యాయో, ఆ రోజుల్లో తరగతికి ఎవరు వచ్చారో, ఏం అడిగారో విచారించాలి. స్కాలర్‌షిప్ వివరాలు కంప్యూటర్‌లో ఉండగా పిల్లలను లేపి నిలబెట్టాల్సిన అవసరం ఏమిటని ప్రిన్సిపాల్‌ను అడగాలి. మా ఊరి అమ్మాయి ఆ కళాశాల రెండో ఏడు పూర్తి చేసి, ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. సిక్ రూమ్‌లో పని దొరికితే మొదట ఏం చేస్తావని మొన్న సంక్రాంతికి అడిగాను. ‘‘ఆ రిజిస్టర్ బీరువాలో పెట్టి తాళం వేస్తాను బాబాయ్’’ అంది.